సింగారమ్మ ఒంట్లోని స్థానికులు

ఆ రోజు శిక్షణా సమావేశంలో పరాంకుశరావుగారు చివరిదాకా నిద్రపోయి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. సగందాకా నిద్రపోయారు కూడా. ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి చెబుతామని జిల్లాలోని నర్సులందర్నీ పిలిచి కూర్చోబెట్టారు. ప్రత్యేకాధికారి హోదాలో ఆయన వేదిక మీద నడిమి కుర్చీలో కూర్చుని, జ్యోతి వెలిగించి, శాలువా కప్పించుకుని, కళ్ళు మూసుకున్నారు. మూడో వరసలో ఉన్న స్టాఫ్ నర్సు వరూధిని అది చూసి హాయిగా ఊపిరి పీల్చుకుంది. అధికారి నిద్రపోయే సమావేశంలోనే నాలుగు పనికొచ్చే మాటలు వినబడతాయని ఆమె పదిహేడేళ్ళ సర్వీసులో తెలుసుకుంది.

ఆ నాలుగు మాటలూ చెప్పడానికి మెడికల్ కాలేజీ నుంచి డాక్టర్ మృణాళిని వచ్చింది. బల్ల మీద పెరుగు గిన్నె పెట్టి మొదలుపెట్టింది. పాలను తోడుపెట్టే సూక్ష్మజీవుల దగ్గరి చుట్టాలే ఆడవాళ్ళ యోనిలో కూడా కాపురం ఉంటాయని చెప్పింది. ఆ చోటును పుల్లగా ఉంచడం వాటి పని. ఆ పులుపు ఉన్నంతకాలం చెడ్డ రకాలు అక్కడ నిలదొక్కుకోలేవు. పాపిలోమా అనే వైరస్ వచ్చినా దాన్ని వదిలించుకోవడం ఒంటికి సులువవుతుంది. ఇవి తగ్గిపోతే వేరే రకాలు పెరిగిపోతాయి, వైరస్ కూడా కదలకుండా కూర్చునే అవకాశం ఎక్కువవుతుంది. అలా ఏళ్ళ తరబడి కూర్చుంటే గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ రావచ్చు. సబ్బునీళ్ళతో లోపలికంటా కడుక్కోవద్దని ఆడవాళ్ళకి చెప్పండి, ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ పరీక్ష చేయండి, ముందుగా కనిపెడితే పది నిమిషాల వైద్యంతో పోయేదాన్ని ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు అంది. నర్సులు పుస్తకాల్లో రాసుకున్నారు.

"మొత్తం మీద, అక్కడ ఎప్పట్నుంచో ఉన్నవి తగ్గిపోయి, బయటివి వచ్చి చేరడమే మన సమస్య," అని ముగించింది డాక్టరు.

పరాంకుశరావుగారు కళ్ళు తెరిచారు.

ఆయన ఆరోగ్యశాఖలోకి వచ్చి ఎనిమిది నెలలే అయింది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఉద్యోగుల స్థానికత తేల్చే విభాగంలో ఉన్నారు. ఎవరు లోకల్, ఎవరు నాన్‌లోకల్, నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎవరు ఏ జిల్లాలో చదివారు అన్నదే ఆయన లోకం. పెళ్ళి పందిట్లో కొత్తవాళ్ళు నమస్కారం పెట్టినా ఊరి పేరు అడిగి, ఆ వెంటనే స్టడీ సర్టిఫికెట్లు ఉన్నాయా అని అడిగేవారు. ఆరోగ్యశాఖలో ఎనిమిది నెలలుగా తనకు అర్థమయ్యే మాట ఒక్కటీ చెవిన పడక, పాపం, ఆ మనిషి చిక్కి సగమయ్యారు. ఇవాళ్టికి పడింది.

ఆయన లేచి మైకు అందుకున్నారు. "ఇది వైద్య సమస్య కాదు. ఆమూలాగ్రం స్థానికత సమస్య. ఇంతకాలం శాఖ దృష్టికి రాకపోవడం మిక్కిలి శోచనీయం," అన్నారు. డాక్టర్ మృణాళిని ఏదో చెప్పబోయింది. ఆమెకూ ఒక శాలువా కప్పేశారు.

తొమ్మిదో రోజుకి సర్క్యులర్ వచ్చింది. జిల్లాలోని స్త్రీల సదరు ప్రాంతమందు నివసించు సూక్ష్మజీవులలో ఎనుబది ఐదు శాతమునకు తక్కువ కాకుండా స్థానికులు ఉండవలెననియు, మిగిలిన పదిహేను శాతము మాత్రమే స్థానికేతరులకు అనుమతించబడుననియు అందులో ఉంది. యోని అన్న మాట ఎక్కడా లేదు. ఆరు పేజీల్లో ముప్పై ఒక్కసార్లు 'సదరు ప్రాంతము' అని మాత్రం ఉంది. మొదటి వాక్యంలోనే సదరు అని ఉండటంతో అది ఏ ప్రాంతమో అంతుబట్టక సర్వేశాఖ వాళ్ళు, హద్దులు కొలవడానికి ఏ తేదీన రమ్మంటారని అడుగుతూ లేఖ రాశారు.

ఇక ముందు పరీక్షకు పంపే ప్రతి నమూనా వెంట అందులోని సూక్ష్మజీవుల స్థానికత ధ్రువపత్రం ఉండాలి. అవి ఆ చోటే వరసగా నాలుగేళ్ళు నివసించినట్టు రుజువు కావాలి. ధ్రువపత్రం లేని డబ్బాను ల్యాబువాళ్ళు తెరవకూడదు. పరీక్ష రిపోర్టు లేనిదే ఏరియా ఆసుపత్రి వాళ్ళు రోగిని చూడకూడదు. అక్కడితో ఆగినా బాగుండేది. పల్లె ఆసుపత్రుల్లో నర్సులు చేసే తేలిక పరీక్ష ఒకటుంది. దూదిని వెనిగర్‌లో ముంచి గర్భాశయ ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగితే, తేడా ఉన్నచోట తెల్లగా తేలుతుంది. 'ముందస్తు నోటీసు లేకుండా నివాసితులపై ద్రవము పోయుట సహజ న్యాయసూత్రములకు విరుద్ధము' అని దాన్ని కూడా నిలిపివేశారు.

తను పనిచేసే పల్లె ఆసుపత్రిలో వరూధిని ఆ ధ్రువపత్రం దరఖాస్తు ఫారం ముందు పెట్టుకుని జిల్లా ఆఫీసుకి ఫోన్ చేసింది. సూపరింటెండెంటు గోవర్ధనం ఓపిగ్గా సందేహాలు తీర్చాడు. ఫోటో మైక్రోస్కోపు కింద తీసిందైనా ఫరవాలేదు గానీ, అందులో రెండు చెవులూ కనబడాలన్నాడు. వాటికి చెవులుండవంది. ఉండవని గెజిటెడ్ అధికారి చేత రాయించుకు రమ్మన్నాడు. తండ్రి పేరు దగ్గర ఏం రాయాలి, అవి ఒకటి రెండుగా చీలి పెరుగుతాయి, తండ్రంటూ ఎవరూ ఉండరు అంది. గోవర్ధనం కాసేపు ఆలోచించి, ఒంటరి మహిళ కేటగిరీలో పెట్టమన్నాడు. గంటకో రెండు గంటలకో ఒక తరం మారిపోతుంటే నాలుగేళ్ళు వరసగా ఎవరుంటారండీ అని అడిగింది. వారసత్వ ధ్రువపత్రం జతచేయమన్నాడు.

ఫోన్ పెట్టేసి వరూధిని పడీ పడీ నవ్వింది. తన జీతం ఇచ్చే శాఖ గురించి నవ్వడంలో ఆమెకు ఒక సుఖం ఉంది. ఆ నవ్వు ముగియకముందే గుమ్మంలోకి సింగారమ్మ వచ్చింది.

సింగారమ్మకి ముప్పై ఎనిమిదేళ్ళు. మిరపకాయల తొడాలు తీసే కూలికి వెళుతుంది. పుట్టిల్లు కాలవకి అవతల రేగులగడ్డ, అత్తగారిల్లు ఇవతల మోదుగువారిపాలెం. ఆమె పుట్టినప్పుడు రెండూ ఒకే జిల్లా. ఆమధ్య జిల్లాను రెండుగా చీల్చినప్పుడు కాలవ సరిహద్దయింది. ఇవతల గట్టున నిలబడి కేకేస్తే అవతల అన్నగారు పలుకుతాడు, అయినా ఆయనది తూర్పు జిల్లా, ఈమెది పడమటి జిల్లా. కాపురానికొచ్చి పదహారేళ్ళయినా మోదుగువారిపాలెంలో అందరూ ఆమెను 'కాలవతల పిల్ల' అనే పిలుస్తారు.

ఆమె తలుపు వేసివచ్చి, గోడవైపు తిరిగి చెప్పింది. నెలసరికీ నెలసరికీ మధ్యలో రక్తం మరకలు కనబడుతున్నాయి. మొగుడి దగ్గర పడుకున్నా కనబడుతున్నాయి. నీచు వాసన వస్తోందని ఆర్నెల్లుగా సబ్బునీళ్ళతో లోపలికంటా కడుక్కుంటోంది.

"మా అమ్మకి గూడా ఇట్టాగే మొదలైందమ్మా," అంది. "ఆమెను నలభై రెండేళ్ళకే కాలవ గట్టునే కాల్చాం."

వరూధినికి నవ్వంతా ఎటుపోయిందో పోయింది. పరీక్ష బల్ల మీద పడుకోబెట్టి రంగు కాగితం పెట్టి చూస్తే ఉండాల్సిన పులుపు లేదు. కడగడం ఇవాళ్టితో మానెయ్యమని చెప్పి, వాసన తగ్గడానికి మందులిచ్చి, నమూనా తీసి డబ్బాలో పెట్టింది. మూడు ఆసుపత్రులకు ఒక్కడే డాక్టరు కావడంతో గురువారాల్లో మాత్రమే కనబడే డాక్టరుగారు చెవుల్లేవన్న పత్రం మీద సంతకం పెట్టారు. డబ్బా బయల్దేరింది.

వారానికి తిరిగొచ్చింది. స్త్రీ జన్మస్థలము తూర్పు జిల్లా అయినందున, నమూనాలోని సూక్ష్మజీవులు పుట్టింటి నుంచి వచ్చినవిగా భావించడమైనదనియు, స్థానికేతరుల పదిహేను శాతము ఇప్పటికే భర్తీ అయినదనియు పడమటి ల్యాబువాళ్ళు రాశారు. మళ్ళీ నమూనా తీసి తూర్పు ల్యాబుకి పంపింది. ఆ స్త్రీ ప్రస్తుత నివాసము పడమటి జిల్లా కావున అచటికే పంపవలెనని వాళ్ళు జవాబిచ్చారు. ఊరుకోకుండా, తమ జిల్లాకు చెందిన సూక్ష్మజీవులను అనుమతి లేకుండా పెళ్ళి నెపంతో తరలించుకుపోవటంపై తీవ్ర అభ్యంతరం కూడా తెలియజేశారు. మర్నాడు తూర్పు జిల్లా ఉద్యోగులు నల్లబ్యాడ్జీలు పెట్టుకున్నారు. పడమటి జిల్లావాళ్ళు దీటుగా, తమ ఆడపడుచులతో పాటు అటు వెళ్ళిన సూక్ష్మజీవుల లెక్క తేల్చాలని ధర్నాకి కూర్చున్నారు. మూడోసారి డబ్బా కాలవ దాటుతుంటే బస్సు కండక్టరు దానికి కిటికీ పక్కన సీటిచ్చాడు.

స్థానిక విచారణకి వీఆర్వో జక్రయ్య మోదుగువారిపాలెం వచ్చాడు. పాపం మొహమాటస్తుడు. ఫారం చేతిలో పట్టుకుని సింగారమ్మ ఇంటి ముందు ఎండలో పావుగంట నిలబడ్డాడు. ఇద్దరు ఇరుగుపొరుగు సాక్షుల సమక్షంలో అడగాలన్నది నిబంధన. సాక్షులు ఇద్దరు కాదు, వీధి వీధంతా వచ్చింది. సింగారమ్మ ఇంట్లోంచి బయటికి రాలేదు. అత్తగారు నాంచారమ్మ వచ్చి అరుగు మీద కూర్చుని, ఏం కావాలో అడగమంది.

జక్రయ్య ఫారంలోకి చూస్తూ, "సదరు నివాసితులు ఎంతకాలంగా ఇక్కడుంటున్నారు పెద్దమ్మా?" అన్నాడు. ఎవరి గురించో కూడా, గొంతు బాగా తగ్గించి, చెప్పాడు.

నాంచారమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "నా కోడలు పదహారేళ్ళ నుంచీ ఈ ఇంట్లోనే ఉంది. దాని ఒంట్లో ఉన్నయ్యి దాన్నొదిలిపెట్టి యాడికి పోతయ్యి నాయనా? నీ కడుపులో పేగులు ఏ ఊరియ్యో నువ్వెప్పుడన్నా ఇచారించావా?"

జక్రయ్య, విచారణలో స్థానికులు సహకరించలేదని రాసుకుని వెళ్ళిపోయాడు.

అప్పటికి ఏడు వారాలు గడిచాయి. సింగారమ్మకి మరకలు తగ్గలేదు. ప్రతి సోమవారం వచ్చి బెంచీ మీద కూర్చునేది, వరూధిని కాగితాలు వెతుక్కుంటుంటే ఏమీ అడిగేది కాదు. ఆ అడక్కపోవడమే వరూధినికి భరించరానిదిగా ఉండేది. ఒక రోజు అలా చూస్తూ ఉండగానే ఆమెకి తన సంగతి గుర్తొచ్చింది. పెళ్ళయ్యాక ఎనిమిదేళ్ళు తానొక జిల్లాలో, భర్త ఇంకో జిల్లాలో ఉద్యోగం చేశారు. చివరికి స్పౌజ్ కేటగిరీలో బదిలీ దొరికింది. భార్యాభర్తలు ఒకచోట పనిచేసుకోవడానికి అంతర్జిల్లా బదిలీ ఇచ్చే నిబంధన అది. సింగారమ్మ సూక్ష్మజీవులకి మాత్రం ఎందుకివ్వరు? ఆ సాయంత్రమే కూర్చుని, తూర్పు జిల్లాకు చెందిన సదరు సూక్ష్మజీవులను వివాహ కారణంగా పడమటి జిల్లాకు బదిలీ చేయవలసినదిగా మూడు ప్రతుల్లో విన్నపం రాసింది.

పరాంకుశరావుగారు ఆమెను స్వయంగా పిలిపించారు. దరఖాస్తును రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత పద్ధతిగా రాసిన దరఖాస్తు తన చేతికి రాలేదన్నారు. ఎదురుగా కూర్చోమన్నారు, టీ తెప్పించారు. సింగారమ్మ భర్త పనిచేసేచోటి నుంచి ధ్రువీకరణ కావాలన్నారు. అతను ట్రాక్టరు తోలతాడని వరూధిని చెబితే, ట్రాక్టరు యజమాని లెటర్‌హెడ్ మీద ఇచ్చినా అంగీకరిస్తామన్నారు.

"ఉత్తర్వులు ఎప్పుడొస్తాయి సార్?"

"వేసవి కౌన్సెలింగులో. జూన్ మొదటి వారం."

అది డిసెంబరు. "ఆమెకి రక్తం పోతోంది సార్," అంది వరూధిని. "వాళ్ళమ్మ దీంతోనే పోయింది."

"అందుకే కదమ్మా అత్యవసర కేటగిరీలో పెట్టాను. లేకుంటే ఆ పై ఏడాది జూన్."

ఆయన మొహంలో దుర్మార్గమేమీ లేదు. ఒక మంచిపని చేసిన మనిషి సంతోషం ఉంది. అది చూసి వరూధినికి ఒళ్ళు మండిపోయింది. టీ కప్పు ఆయన నెత్తిన పోద్దామా అనిపించింది. పోయడం అనుకోగానే ఆమెకి సర్క్యులర్లో నాలుగో పేజీ కళ్ళముందు కదిలింది.

"సార్, వెనిగర్ పరీక్ష నోటీసు లేకుండా చేయకూడదన్నారు. నోటీసిచ్చి చేయొచ్చా?"

పరాంకుశరావుగారు వెనక్కి వాలారు. ఇన్ని నెలల్లో ఆయన్ని ఇంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు. "నిస్సందేహంగా. ఏడు దినముల గడువు. నివాసస్థలమందు బహిరంగముగా ప్రకటించవలెను. అభ్యంతరములు లిఖితపూర్వకముగా మాత్రమే స్వీకరించబడును," అన్నారు. ఆ ఉత్సాహంలో నోటీసు ఎలా ఉండాలో కూడా తానే చెప్పి రాయించారు, కింద సంతకం పెట్టి ముద్ర వేయించారు.

నివాసస్థలమందు అతికించడం ఎలాగన్నది ఒక చిక్కు. వరూధిని న్యాయంగా ఆలోచించి, నివాసితులు సింగారమ్మలో ఉంటే సింగారమ్మ ఇంట్లో ఉంటుంది కాబట్టి, నోటీసును వాళ్ళ వీధితలుపు మీద అతికించింది. ఆసుపత్రి గోడ మీద ఇంకొకటి. 'సింగారమ్మ, భర్త ఏసోబు, వారియందు నివసించు సమస్త సూక్ష్మజీవులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మీ నివాసమునకు వెనిగర్ అద్దదలచితిమి. మీకేమైనా అభ్యంతరములున్నచో ఏడు దినములలోగా ప్రాథమిక ఆరోగ్యకేంద్రము నందు కార్యాలయపు వేళలలో స్వయముగా గానీ, మీ ప్రతినిధి ద్వారా గానీ దాఖలు చేసుకొనవలెను.' ఊరు ఊరంతా వచ్చి చదువుకుంది. నాంచారమ్మ చదువు రాక ఇద్దరి చేత చదివించుకుని, ఎవరన్నా వస్తే తాను చూసుకుంటానని వారం రోజులూ అరుగు మీదే కూర్చుంది.

ఎవరూ రాలేదు. ఎనిమిదో రోజు పొద్దున పదిగంటలకి వరూధిని హాజరుపట్టీలో 'గడువులోగా ఏ సూక్ష్మజీవియు హాజరు కానందున ముందుకు సాగడమైనది' అని రాసి, సింగారమ్మను బల్ల మీద పడుకోబెట్టి, దూది ముంచింది. లైటు పెట్టి గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టింది. చింతగింజంత మేర తెల్లగా తేలింది.

వరూధిని నోటీసు, హాజరుపట్టీ, రిపోర్టు అన్నీ కలిపి కుట్టి, తనే ఆటోలో కూర్చుని సింగారమ్మను ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అంత కాగితాల బొత్తి చూసి అక్కడివాళ్ళు నోరెత్తలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చాక ఇద్దర్నీ మళ్ళీ పిలిచి, క్యాన్సర్ ఇంకా కాలేదు, కావడానికి సిద్ధంగా ఉంది అన్నారు. వేడి పెట్టి ఆ చోటు మాడ్చేశారు. మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు. సింగారమ్మ బయటికొచ్చి, మధ్యాహ్నం కూలి దొరుకుతుందేమో అడిగింది. వరూధిని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చేసింది, ఆ తర్వాత హాజరుపట్టీ తలుచుకుని నవ్వేసింది.

జూన్ రెండో వారంలో రిజిస్టరు పోస్టులో కవరొచ్చింది. సింగారమ్మ మళ్ళీ చూపించుకోవడానికి వచ్చిన రోజునే. మరకలు లేవు, రంగు కాగితం పెడితే పులుపు మళ్ళీ చేరుతోంది. వరూధిని కవరు చింపి, ఆమెకి చదివి వినిపించింది. సింగారమ్మయందు నివసించు సూక్ష్మజీవులు స్పౌజ్ కేటగిరీ కింద మోదుగువారిపాలెం గ్రామ శాశ్వత నివాసితులుగా గుర్తించబడినట్టు, ఇకమీదట వాటిని స్థానికేతరులుగా ఎవరూ సంబోధించరాదని అందులో ఉంది. కింద పరాంకుశరావుగారి సంతకం, గుండ్రటి ముద్ర.

సింగారమ్మ ఆ కాగితం అందుకుని ముద్రని బొటనవేలితో తడిమి చూసింది.

"నేనీ ఊరొచ్చి పదహారేళ్ళు దాటిందమ్మా. ఇప్పటికీ నన్ను కాలవతల పిల్లనే అంటారు," అంది. "నాకంటే ముందు వాటిని ఊళ్ళో కలుపుకున్నారే."

ఆ మాటకి తనే నవ్వింది, కాగితం మడిచి జాకెట్లో దోపుకుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర నాంచారమ్మ దాన్ని కొడుకు చేత రెండుసార్లు చదివించుకుందట. పొద్దున్నే రావిచెట్టు సెంటరులో లామినేషన్ చేయించి, నోటీసు తీసేసిన చోటే, వీధితలుపు మీద మేకు కొట్టించి తగిలించిందట. ఎదురింటావిడ వచ్చి కాలవతల పిల్ల ఇంట్లో ఉందా అని అడిగితే, తలుపు చూపించి, ముందు అది చదువుకుని ఆ తర్వాత పిలవమందట.

కాగితం అడుగున, ఈ ధ్రువపత్రము ఆరు నెలలు మాత్రమే చెల్లును అని చిన్న అక్షరాల్లో ఉంది. వరూధిని ఆ ముక్క మాత్రం ఎవరికీ చదివి వినిపించలేదు.